మౌలాలి దాకా రాతియుగం

ఒక ఆడపిల్లను పది లక్షల ఏళ్ల వెనక్కి పంపించి, మళ్లీ ఎలా తెచ్చుకోవాలో ఆలోచించడం మరిచిపోయిన మేధావి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడికి ఆనాటికి ఇరవై నాలుగేళ్లు. బీఎడ్ ఫస్ట్ క్లాసు. పెళ్లి కాలేదు, బుద్ధి రాలేదు. వాడే నేను. జరిగినదంతా దాచకుండా చెబుతాను. మధ్యలో మీకు నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. తిట్టవలసినవాళ్లు చాలామంది అప్పుడే తిట్టేశారు, నాకు అలవాటే.

మాది విజయనగరం వైపు. ఉద్యోగం వెతుక్కుంటూ సికింద్రాబాద్ వచ్చి, బోయిగూడలో ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతులకు సోషల్ చెప్పే పనిలో చేరాను. అవి ఊరంతా కంప్యూటర్ పూనకంతో ఊగుతున్న రోజులు. నా గదిలో ఉండే ముగ్గురు స్నేహితులూ నిద్రలో కూడా జావా, జావా అని కలవరించేవారు. నన్ను చూస్తే మాత్రం "పాపం, చరిత్రట" అని, మంచం పట్టినవాణ్ణి చూసినట్టు చూసేవారు.

మా బడి కరస్పాండెంటు యాదగిరి గారు. బడి ఆయనదే, భవనం ఆయనదే, చివరి మాట కూడా ఆయనదే. ఆ జూన్‌లో ఆయన ఆరు కంప్యూటర్లు కొని, వాటికోసం ఒక ఏసీ గది కట్టించి, గుమ్మం ముందు "చెప్పులు ఇక్కడ విడువవలెను" అని బోర్డు పెట్టించారు. సరస్వతీదేవి పటం ముందు బూట్లతో నిలబడి ప్రార్థన చేసే పిల్లలు ఆ గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం కాళ్లు కడుక్కునేవారు. ఇదెక్కడి భక్తో నాకు అర్థమయ్యేది కాదు. మా పాఠాలు చెప్పే గదిలో ఫ్యాను కూడా లేదు మరి.

ఒకరోజు యాదగిరి గారు నన్ను పిలిపించారు.

"సార్, మీకు క్లాసుకు వారానికి ఎన్ని పీరియడ్లు?"

"ఐదండీ."

"రాజులు సచ్చి ఎన్ని ఏండ్లాయె? గాళ్లకు ఐదు పీరియడ్లు ఎందుకు సార్? రెండు చాలు. మూడు కంప్యూటర్‌కు ఇద్దమనుకుంటున్న."

"రెండు పీరియడ్లకు నేనేం చేస్తానండీ?"

"నేను సుత గదే అనుకుంటున్న. ఆ రెండు తెలుగు పంతులు చదివిపిస్తడు. మీరు వేరే ఏడన్న చూసుకోరాదుండ్రి."

ఊళ్లో మా నాన్న ఆ పాటికి "మావోడు హైదరాబాదులో మాస్టరు" అని టీ కొట్టు దగ్గర కనీసం నలుగురికి చెప్పుకొని ఉంటాడు. పక్కనే కూర్చున్న మా హెడ్మిస్ట్రెస్ శాంతకుమారి గారు నా మొహం చూశారు. బందరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వారిది, మూడు తరాలుగా అందరూ టీచర్లే. టీచరు ఉద్యోగం ఊడటం అంటే ఏమిటో ఆవిడకు తెలుసు.

"ఒక్క అవకాశం ఇవ్వండి సార్," అన్నారావిడ. "వచ్చే శనివారం పేరెంట్స్ వస్తున్నారు కదా. ఈ అబ్బాయి పిల్లల చేత ఏదైనా చేయించి చూపిస్తాడు. చూశాక మీ ఇష్టం."

యాదగిరి గారు గడ్డం గీరుకున్నారు. "సరే. మంచిగుంటే ఐదు పీరియడ్లు నీకే. లేకుంటే రెండు పంతులుకు. బాత్ ఖతం."

అంటే నా కొలువంతా ఒక్క శనివారం మీద నిలబడిందన్నమాట.

చరిత్ర చెప్పడానికి మా బడిలో ఉన్న సరంజామా ఎంతో చెబితే మీరు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఒక గోడపటం, అందులో కృష్ణానదికి దిగువనంతా చెదలు తినేశాయి. ఒక అశోకుడి చార్టు, ఆయనకు ఎవరో బాల్‌పెన్నుతో కళ్లజోడు పెట్టారు. అంతే. బీఎడ్‌లో మాకు బోధనోపకరణాలని పెద్ద పాఠం ఉండేది. అట్ట, రంగు కాగితం, థర్మకోల్ ఉంటే చాలు, పిల్లవాడి బుర్రలోకి దేన్నయినా ఎక్కించవచ్చని మా లెక్చరర్ గారి నమ్మకం. ఆ నమ్మకంతోనే, చేరిన కొత్తలో థర్మకోల్‌తో గోల్కొండ కోట కట్టాను. మైదా గంజి కాచి అతికించాను. ఔరంగజేబుకు నెలల తరబడి లొంగని కోటను మా బడి ఎలుకలు శని, ఆదివారాల్లో లొంగదీసుకున్నాయి. సోమవారం వెళ్లి చూస్తే ఒక్క బురుజు మిగిలింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు బీఎడ్ చదివాక ఉన్న మైదా కూడా పోయింది.

ఈసారి ఎలుకలు తినలేనిది చేయాలనుకున్నాను. కాలరేఖ! ఒక పొడవాటి తాడు. నేను నడిచే అడుగుకొక ముడి. ఒక్కో అడుగుకు వందేళ్లు. రాజుల వేషాలు వేసుకున్న పిల్లలు ఎవరి కాలంలో వాళ్లు, ఎవరి ముడి దగ్గర వాళ్లు నిలబడతారు. కంప్యూటర్ గది గుమ్మం ఇవాళ్టి రోజు. అక్కణ్ణుంచి గేటు వైపు నడిస్తే వెనకటి కాలానికి నడిచినట్టు. ఎంత బాగుంది చెప్పండి! ఇప్పటికీ బాగుందనే అంటాను, ఆలోచన వరకు.

ఏడో తరగతిలో బల్ల గుద్ది మరీ చెప్పాను. "ఒక అడుగు, వందేళ్లు! కాలరేఖ మీద వెళ్లేవాడు అడుగడుగూ లెక్కపెట్టుకుంటూ నడవాలి. ఒక్క అడుగు ఎగరగొట్టినా అది చరిత్ర కాదు, కట్టుకథ! ఏం చెప్పాను?"

"కట్టుకథ సార్!" అని నలభై గొంతులు అరిచాయి. నాకు ఒళ్లు పులకరించింది.

ఆ పులకరింతలోనే తల్లిదండ్రులకు కాగితాలు కొట్టించి పంపేశాను. "పది లక్షల ఏళ్ల మానవ చరిత్ర, మన బడి ఆవరణలో, మీ పిల్లల చేత." ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తాడు కొనలేదు, కొలత చూడలేదు, కాగితం మాత్రం బోయిగూడ ఇంటింటికీ చేరిపోయింది. పది లక్షలను వందతో భాగిస్తే ఎంతొస్తుందో చూసుకోవాలన్న జ్ఞానం నాకు రాలేదు. నా లెక్కలు అంత బాగుంటే నేనూ ఆ జావా వాళ్లతోనే ఉండేవాణ్ణి కదా.

గురువారం రిహార్సల్ పెట్టాను. నాలుగు అడుగుల దగ్గర కుతుబ్‌షాహీ సుల్తాను, ఎనిమిది దగ్గర కాకతీయ గణపతిదేవుడు, ఇరవై దగ్గర శాతవాహనులు, పాతిక దగ్గర బుద్ధుడు, నలభై అయిదు దగ్గర హరప్పా కుమ్మరి. అందరూ తమ కాలం రాసిన అట్ట బోర్డులు పట్టుకొని ముద్దొచ్చేలా నిలబడ్డారు. అప్పుడు గోనెసంచి చుట్టుకొని ఒక పిల్ల నా ముందుకొచ్చింది. పేరు మహేశ్వరి. సన్నగా, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. వాళ్లమ్మ బోయిగూడలో బండి మీద కూరగాయలు అమ్ముతుంది. ఏది చెప్పినా తాను చేసి చూసుకునేదాకా నమ్మని పిల్ల. ఇలాంటి పిల్లలు పుస్తకాల్లో బాగుంటారు, క్లాసులో మాత్రం ప్రాణం తీస్తారు.

"సార్, నేనేడ నిలబడాలె?"

"నువ్వెవరు?"

"రాతియుగం సార్."

"వెళ్లి గేటు దగ్గర నిలబడమ్మా."

"గేటు అరవై అడుగులే సార్. అంటే ఆరువేల ఏండ్లు. మీరు కాగితంల పది లక్షలని రాసిన్రు."

"అయితే ఇంకొంచెం వెనక్కి జరుగు."

"ఎంత వెనక్కి సార్?"

"అబ్బబ్బ, కొంచెమంటే కొంచెమే!"

ఆ పిల్ల అరచేతి మీద వేలితో ఏదో రాసుకుంది. "పదివేల అడుగులు సార్," అంది.

నేను నవ్వాను. తరవాత నేనే కాగితం తీసుకొని లెక్క వేశాను. తరవాత నవ్వలేదు. నా అడుగు ఒకటి డెబ్బై సెంటీమీటర్లు, పదివేలు వేస్తే ఏడు కిలోమీటర్లు. బడి గేటు దాటి, స్టేషన్ దాటి, మెట్టుగూడ, లాలాగూడ దాటి, మౌలాలి దాకా ఒక్కటే రాతియుగం! రాజులూ సుల్తానులూ బుద్ధుడూ అందరూ కలిసి మా బడి మైదానంలో మూలకు సరిపోయారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా చరిత్ర ఇంట్లో పట్టక రచ్చకెక్కింది.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికి పరిగెత్తాను.

"దానికి కంగారెందుకు నాయనా? అడుగుకు ఇరవై వేల ఏళ్లు పెట్టు. గేటు లోపలే సరిపోతుంది," అన్నారావిడ.

"అప్పుడు రాజులంతా కలిసి పావు అడుగులో నిలబడాలి మేడం."

"సర్దుకుంటార్లే, పిల్లలేగా."

"గణపతిదేవుడు కరస్పాండెంటు గారి మనవడు మేడం. కిరీటం కూడా కొనుక్కున్నాడు."

ఆవిడ కిటికీలోంచి కిరీటం వైపు చూశారు. "అయితే మార్చకు. ప్రభువే దారి చూపిస్తాడు," అన్నారు.

ప్రభువు చూపించేదాకా ఆగితే బాగుండేది. నేనే చూపించుకున్నాను. మహేశ్వరి వాళ్ల అమ్మమ్మ ఇల్లు సరిగ్గా మౌలాలిలోనే ఉంది. పక్కింట్లో ఫోనుంది. ఆ రోజుల్లో సొంత ఫోను లేనివాళ్లంతా పక్కింటి నంబరే పీపీ నంబరని అందరికీ ఇచ్చుకునేవాళ్లు కదా, అలాంటిది. పిల్ల శనివారం అక్కడ ఉంటుంది. మేం ఇక్కణ్ణుంచి ఫోన్ చేస్తాం. రాతియుగం లైన్లోకి వచ్చి తన పాఠం చెబుతుంది. తల్లిదండ్రులు మైకులో వింటారు. యాదగిరి గారు అప్పుడే ఇటుకంత సెల్‌ఫోన్ ఒకటి కొన్నారు, దాన్ని నలుగురిలో బయటికి తీసే సందర్భం కోసం కొట్టుకుపోతున్నారు.

"రాతియుగానికి నేను సెల్‌ఫోన్ కొడ్తనా?" అన్నారు కళ్లు పెద్దవి చేసి.

"అవునండీ. మీరే."

"జబర్దస్త్ ఉన్నది సార్! గిట్లాంటియి ముందు చెప్పరాదు?"

అప్పుడే నా ఐదు పీరియడ్లు నాకు దక్కినట్టే అనిపించింది. శుక్రవారం సాయంత్రం బుద్ధుడికి పట్టుపంచె కడదామా, దుప్పటి కడదామా అని తల పట్టుకొని ఉండగా మహేశ్వరి వచ్చింది.

"సార్, రేపు ఎన్నింటికి ఉండాలె?"

"పదింటికల్లా ఉండు. పదకొండుకు ఫోన్ వస్తుంది."

"ఎట్ల పోవాలె సార్?"

నాకు ఒళ్లు మండింది. "వారం రోజుల నుంచి గొంతు చించుకుంటున్నాను కదమ్మా, కాలరేఖ మీద ఎలా వెళ్లాలో! మళ్లీ మొదటికొస్తావేం? వెళ్లు!"

"సరే సార్," అని తలూపి వెళ్లిపోయింది.

మీరే చెప్పండి, వాళ్లమ్మకు ఒక చీటీ రాయాలి కదా? పిల్లను బస్సెక్కించమని ఎవరికైనా చెప్పాలి కదా? బడి ఫోన్ నంబరన్నా ఆ పిల్ల చేతిలో పెట్టాలి కదా? ఇవేవీ చేయలేదు. బుద్ధుడి పంచె తేల్చుకొని ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

శనివారం. మైదానం నిండా జనం. షామియానా, మైకు, కుర్చీలు. సుల్తాను గడ్డం రెండుసార్లు ఊడింది, రెండుసార్లు అతికించాను. శాతవాహనులు ఒకరితో ఒకరు కొట్టుకున్నారు, విడదీశాను. ఈలోగా ముందు వరసలోంచి ఒకావిడ లేచి వచ్చింది. జరీ అంచు చీర, కొత్త గాజులు, చేతికి మాత్రం కొత్తిమీర వాసన. మహేశ్వరి తల్లి సత్తెమ్మ. తెల్లవారుజామునే బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి సరుకు తెచ్చుకొనే మనిషి, ఏనాడూ బడి గడప తొక్కింది లేదు. ఆ రోజు బండి బందు పెట్టుకొని వచ్చింది.

"సారూ, దండాలు. మా బిడ్డ పాట్ ఉన్నదంట గద. నేను మార్కెట్‌కెళ్లి వచ్చేసరికే తయారై ఎల్లిపోయింది. ఏ రాణి ఏసం ఏసింది సారూ?"

"రాణి కాదమ్మా. రాతియుగం."

"గదేడ నిలబడ్డది? ఎంత చూసినా అవుపిస్తలేదు."

"ఇక్కడ కాదమ్మా. మౌలాలిలో."

సత్తెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నాటకం గీడ, నా బిడ్డ మౌలాలిలనా?"

"అంటే... కాలంలో చాలా వెనక ఉందమ్మా. పది లక్షల ఏళ్ల కింద. ఇప్పుడే ఫోన్లో మాట్లాడుతుంది, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. అక్కడే, నా పక్కనే, చేతులు కట్టుకొని నిలబడింది.

పదకొండయింది. యాదగిరి గారు సిగ్నల్ కోసం మైదానం మధ్యకు, సరిగ్గా బుద్ధుడి పక్కకు వెళ్లి, సెల్‌ఫోన్ తీసి, మైకు దగ్గర పెట్టి ప్రకటించారు. "పెద్దలందరికీ నమస్తే! ఇప్పుడు మనం పది లక్షల ఏండ్ల కిందికి ఫోన్ కొడుతున్నం!"

చప్పట్లు. ట్రింగ్ ట్రింగ్ మోత. అవతల ఎవరో పెద్దాయన ఎత్తాడు. "ఎవరు?"

"హలో! రాతియుగం ఉన్నదా?" అన్నారు యాదగిరి గారు దర్జాగా.

"రాంగ్ నంబర్." టక్కున పెట్టేశాడు.

జనం గొల్లుమన్నారు. యాదగిరి గారు నా వైపు చూసిన చూపులో రెండు పీరియడ్లు కూడా లేవు. మళ్లీ కొట్టారు.

"ఏయ్ పెద్దమనిషీ, పెట్టకు! పక్కింటి ముసలమ్మ మనవరాలు, మహేశ్వరి. జెర పిలువు."

"మహేశ్వరా? ఆ పిల్ల రాలేదు గద. ఆళ్ల అమ్మమ్మ పొద్దుగాల కెళ్లి గుమ్మం కాడనే కూసున్నది, ఇంకా రాకపాయె, ఇంకా రాకపాయె అని."

ఆ మాట మైకులోంచి మైదానమంతా వినబడింది. ఇక ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు మీకు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ క్షణంలో నాకు కలిగినంత భయం నా జన్మలో మళ్లీ కలగలేదు. పీరియడ్లు, ఉద్యోగం, మా నాన్న, టీ కొట్టు, ఒక్కటీ గుర్తు లేదు. పన్నెండేళ్ల పిల్ల పొద్దున్న ఇల్లు విడిచింది, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అంతే తెలుసు నాకు.

"నా బిడ్డ ఏడున్నది సారూ?" అంది సత్తెమ్మ. అరవలేదు. మెల్లిగా అడిగింది. అరిచినా బాగుండేది.

అప్పుడు మా ఆయా బాలమ్మ ముందుకొచ్చింది. "పొద్దుగాల ఏడున్నరకు నేను గేటు తీసేసరికే వచ్చింది మేడం. గోనెసంచి కట్టుకొని, బోర్డు పట్టుకొని, కంప్యూటర్ గది గుమ్మం కాడికెళ్లి షురూ చేసింది. ఏదో లెక్కపెట్టుకుంట గేటు దాటి పోయింది. ఎటు బిడ్డా అని పిలిస్తే పలకలే. ఇట్ల చెయ్యి ఊపింది, మాట్లాడియ్యకు అన్నట్టు."

నా బుర్రలో బల్బు వెలిగింది. వెలగవలసిన రోజు కంటే ఒకరోజు ఆలస్యంగా. "ఓరి నాయనో! నడుస్తోంది మేడం! అడుగులు లెక్కపెట్టుకుంటూ మౌలాలికి నడుస్తోంది!"

"ఎందుకట్ల?" అన్నారు యాదగిరి గారు.

"నేనే చెప్పానండీ."

"దిమాక్ ఉన్నదా సార్ నీకు?"

లేదని ఒప్పుకోవడానికి కూడా టైము లేదు. యాదగిరి గారి మారుతీ వ్యాన్ తీశారు. ఆయన, సత్తెమ్మ, నేను ఎక్కాం. శాంతకుమారి గారు పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. సుల్తాను, బుద్ధుడు, శాతవాహనులు అందరూ కళ్లు మూసుకొని ఒక్కరికోసం ప్రార్థించడం మన దేశ చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

స్టేషన్ దగ్గర టీ కొట్టతన్ని అడిగాను. "గోనెసంచి కట్టుకున్న పిల్లను చూశావా అన్నా?"

"చూసిన సార్. పేరేంది బిడ్డా అంటే రెండువేల నూటపద్నాలుగు అన్నది. పరేషాన్ అయిన."

చిలకలగూడలో పూలమ్మే ఆవిడ ఒకతె చెప్పింది. "ఎన్ని గంటలైందమ్మా అని ఆ పిల్లనడిగిన. కంట్ల నీళ్లు పెట్టుకున్నది. లెక్క తప్పిపోయిందంట. మళ్ల స్టేషన్ దాకా ఎనక్కు పోయి వచ్చింది. ఎవరు సార్ గంత గోస పెట్టింది?"

నేను వ్యాన్‌లో కిందికి జారిపోయి కూర్చున్నాను.

మెట్టుగూడలో సైకిల్ షాపతను "అయిదువేల ముప్పై" అన్నాడు. సంఖ్య పెరుగుతోంది కాబట్టి పిల్ల ముందుకే వెళుతోందని మేం ధైర్యం తెచ్చుకున్నాం. లాలాగూడలో ఎవరో ఎనిమిదివేలన్నారు. సత్తెమ్మ ఊపిరి తీసిన ప్రతిసారీ నన్నొక మాట అంటోంది. ఆ మాటలు ఇక్కడ రాయను, అవి నా సొంత ఆస్తి.

లాలాగూడ దాటి కొంతదూరం పోయాక, ఒక మెకానిక్ షెడ్డు ముందు పది పన్నెండు మంది గుంపు కనబడింది. వ్యాన్ ఆగకముందే సత్తెమ్మ దూకేసింది. గుంపును తోసుకుంటూ వెళితే, మధ్యలో బోర్లించిన డబ్బా మీద నిలబడి ఉంది మహేశ్వరి. చేతిలో "పది లక్షల ఏళ్ల కింద" అన్న బోర్డు. చుట్టూ మెకానిక్కులు, ఒక పెరుగు అమ్మే ఆవిడ, కంప్యూటర్ కోర్సు ఫైళ్లు చంకలో పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, అందరూ నోళ్లు తెరుచుకొని వింటున్నారు.

"గీడ నుంచి మా బడి గేటు దాకా అంత రాయే అన్నా. రాయితోని కొట్టుడు, రాయితోని కోసుడు. గంత దూరం నడిచినా ఇంకోటి రాలే. ఇనుము, రాజులు, కోటలు అన్నీ మా గేటు లోపటనే."

"అబ్బో! గింత దూరం ఒక్క రాయి తోటే ఎల్లదీసిన్రా బిడ్డా?" అన్నాడు మెకానిక్.

నేను వారం రోజులు గొంతు చించుకొని చెప్పలేనిది ఆ పిల్ల డబ్బా ఎక్కి నాలుగు ముక్కల్లో చెప్పేసింది. నాకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. సత్తెమ్మ మాత్రం సందేహించలేదు. పిల్లను గుండెకు హత్తుకొని, వీపు మీద ఒక్కటిచ్చి, మళ్లీ హత్తుకొని, అప్పుడు నా వైపు తిరిగింది.

"సారూ, నీకు పిల్లలున్నరా?"

"లేరమ్మా. పెళ్లి కాలేదు."

"కాకపోవుడే మంచిదైంది," అంది.



యాదగిరి గారు చెమట తుడుచుకుంటూ పిల్ల ముందు వంగారు. "బస్సు లేదా బిడ్డా? గింత దూరం నడుస్తరా?"

"బస్సుల పోతే అడుగులెట్ల లెక్కపెట్టాలె సార్? ఒక్కటి ఎగరగొట్టినా కట్టుకథ అన్నడు మా సారు."

"మరి అమ్మమ్మ ఇంటికి పోకుంట గీడనే ఎందుకు ఆగినవ్?"

"పదివేలు గీడనే అయినయ్ సార్. నా అడుగులు చిన్నయి గద. ఫోన్ చేద్దమంటే బడి నంబరు తెల్వదు. జాగ ఇడిచిపెట్టి పోతే మళ్ల ఎవరు లెక్కపెట్టాలె?"

ఏడో తరగతి పిల్ల అడుగు నా అడుగంత ఉండదన్న సంగతి కూడా నాకు తట్టలేదని దయచేసి గమనించండి.

యాదగిరి గారు వెనక్కి తిరిగి, మేం వచ్చిన రోడ్డు వైపు చాలాసేపు చూశారు. బస్సులు, లారీలు, ఎండ. "గదంత రాతియుగమా?"

"అంత గదే సార్."

"మరి మన కంప్యూటర్లు? గవి ఎన్ని అడుగులైతయి?"

పిల్ల కాస్త మొహమాటపడింది. పెద్దమనిషి, బడి యజమాని, ఏమంటాడోనని తల్లి వైపు చూసింది. తరవాత నిజమే చెప్పింది.

"గవి ఇంక గడప దాటలే సార్. అరడుగు సుత కాదు."

యాదగిరి గారు తన కుడి బూటు వంక చూసుకున్నారు. అందులో సగం ఎంతో కొలుచుకుంటున్నట్టు చూశారు. మళ్లీ అందరం వ్యాన్ ఎక్కాం. బడికి చేరేసరికి సగం కుర్చీలు ఖాళీ. గణపతిదేవుడు కిరీటం తలకింద పెట్టుకొని నిద్రపోతున్నాడు. శాంతకుమారి గారు పిల్లను చూసి కళ్లు ఒత్తుకొని, నన్ను చూసి కళ్లు ఎర్రజేశారు.

యాదగిరి గారు నన్ను పక్కకు పిలిచారు. నేను సంచి సర్దుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఐదు పీరియడ్లు నీకే సార్," అన్నారు. "అరడుగు కోసం ఏడు కిలోమీటర్లు ఇడిచిపెడితే మంచిగుండది. కాని ఒక్క షర్తు. రాతియుగం ఒక్క పీరియడ్ల ఖతం చెయ్యాలె. మల్ల బయటికి తీసుకపోతే నిన్ను గూడ గాడికే పంపిస్త."

ఉద్యోగం నిలిచింది. కథ ఇక్కడితో అయిపోతే నేనూ అదృష్టవంతుణ్ణే. కానీ సత్తెమ్మ తీర్పు మిగిలే ఉంది. సోమవారం సాయంత్రం బడి వదిలేసరికి ఆవిడ కూరగాయల బండి సరిగ్గా గేటు ముందుంది.

"ఇటు రా సారూ. తరాజు మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

తరాజు మీద ఒట్టంటే వ్యాపారానికి అంతకు మించిన ప్రమాణం లేదు. ఒక పళ్లెంలో వంకాయలు, ఒక పళ్లెంలో తూకపు రాళ్లు. చుట్టూ నా విద్యార్థులు నలభై మంది. గొంతు సవరించుకొని, వంకాయల మీద చెయ్యి పెట్టి, గంభీరంగా ప్రమాణం చేశాను. "ఇది మొదలు నేను తయారుచేసే ఏ బోధనోపకరణమైనా బడి బీరువాలో పట్టేదై ఉండును. బీరువాకు తాళం వేసే ముందు లోపల పిల్లలెవరూ లేరని చూసుకొందును."

సత్తెమ్మ తల అడ్డంగా ఊపింది. "రెండుసార్లు చూసుకుంటనని చెప్పు."

రెండుసార్లు చూసుకొందును అని చేర్చాను.